నలభై అయిదు రోజుల నవాబులు!

ఈ వారం మన శీర్షికలో హీరో లేడు, హీరోయినూ లేదు. వున్నదల్లా ఒక సెట్టు! ఒక్క మేకు కొట్టకుండా, ఒక్క ప్లైవుడ్ షీటు కోయకుండా, ఒక్క డబ్బా రంగు పూయకుండా వేసిన సెట్టు. దాని ఆర్ట్ డైరెక్టర్ ఏ ఇంజనీరింగు చదివే కుర్రాడో, పగలంతా ఆఫీసులో లెక్కలు రాసే అమ్మాయో అయివుంటారు. నిర్మాతా వాళ్లే, లైట్‌బాయ్ కూడా వాళ్లే. కాల్షీట్లు మాత్రం రాత్రి పదకొండు దాటాకనే!

ఆన్‌లైన్ ఆటల్లో కట్టుకునే ఇళ్ల సంగతి చెబుతున్నానండీ. ఆన్‌లైన్ ఆట అనగానే మీకు కత్తులు, మంటలు కక్కే డ్రాగన్లు గుర్తుకొస్తాయి. కానీ అదే ఆటలో చేరి, కత్తిని ఒక మూల పారేసి, నెలల తరబడి సోఫా ఎక్కడ వెయ్యాలా అని తల బద్దలు కొట్టుకునే జనం వున్నారంటే నమ్ముతారా? వున్నారు. అందులో కొందరి పనితనం చూస్తే మన స్టూడియోల వాళ్లు కూడా "ఔరా" అనాల్సిందే.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో చూద్దాం. 1997 సెప్టెంబరులో అమెరికాలోని ఆరిజిన్ సిస్టమ్స్ వాళ్లు "అల్టిమా ఆన్‌లైన్" అనే ఆట విడుదల చేశారు. రిచర్డ్ గారియట్ గారి పేరు మోగిపోయిన రోజులవి. వేలాదిమంది ఒకేసారి తిరిగే ఆ లోకంలో ఎవరి డబ్బుతో వాళ్లు ఇల్లు కట్టుకోవచ్చు. ఇల్లంటూ వచ్చాక వూరుకుంటారా? సామాన్లు కావాలి. ఆటవాళ్లు ఇచ్చిన సామాన్లేమో అంతంతమాత్రం. ఒకాయనకి పియానో కావాల్సి వచ్చింది. ఆటలో పియానో లేదు. ఏం చేశాడు? చెక్క పెట్టెలు పేర్చాడు, వాటిమీద నల్లరంగు అద్దిన బట్టలు పరిచాడు, మెట్లు వుండాల్సిన చోట చదరంగం పలకలు పెట్టాడు. దూరంనుంచి చూస్తే అచ్చం పియానో! ఆ తర్వాత వూరంతా పియానోలే.

ఇందులో కిటుకు ఎక్కడుందంటే, ఆ ఆటలో కెమెరా తిరగదు. మీరు ఎటు నడిస్తే అటు వెంబడి వస్తుంది గానీ, చూసే కోణం మాత్రం ఎప్పుడూ ఒకటే. ఆకాశంలో ఒక మూలన కూర్చుని ఏటవాలుగా కిందికి చూస్తున్నట్టు వుంటుంది. అంచేత పియానో వెనక భాగం ఎలా వుందో చూసే నాథుడే లేడు! మరో కిటుకు కూడా కనిపెట్టారు. బల్ల వేసి, దానిమీద దీపం పెట్టి, దీపాన్ని కదలకుండా బిగించి, బల్లను తీసేస్తే... దీపం గాలిలోనే వుండిపోతుంది. బల్ల పోయిన సంగతి దీపానికి ఎవరూ చెప్పలేదన్నమాట!

సెట్ వెనక్కి ఎప్పుడైనా వెళ్లి చూశారా? ముందువైపు పాలరాతి స్తంభం, వెనక్కి వెళితే సరుగుడు కర్రలూ, గోనెపట్టాలూ. కెమెరా చూడని చోట రూపాయి ఖర్చు పెట్టేవాడు కళాదర్శకుడే కాడు. 1957లో "మాయాబజార్" కోసం గోఖలే, కళాధర్ గార్లు ద్వారకా నగరాన్ని వాహినీ స్టూడియోలో 50 అడుగులకి 60 అడుగుల జాగాలో పట్టించేశారు. సుమారు 300 బుల్లి ఇళ్లు, వాటికి విడివిడిగా దీపాలు. మార్కస్ బార్ట్‌లే గారి కెమెరా ఎక్కడ నిలబడుతుందో తెలుసు గనుకే అది నగరమైంది. పక్కనుంచి చూస్తే బొమ్మల కొలువు! ఆ సినిమా కథలో ఘటోత్కచుడి మనుషులు చేసిందీ ఇదే కదా, పెళ్లివారి కోసం లేని వూరిని వున్నట్టు నిలబెట్టడం. కాబట్టి ఈ విద్య మనకి కొత్త కాదు.

ఇప్పుడు అసలు పరీక్షకొద్దాం. కెమెరా తిరగడం మొదలుపెడితే?

జపాను వాళ్ల స్క్వేర్ ఎనిక్స్ సంస్థ తీసిన "ఫైనల్ ఫాంటసీ 14" వుంది. మొదటిసారి ఫ్లాపయి, మళ్లీ తీసి 2013 ఆగస్టులో రిలీజు చేస్తే సూపర్ హిట్టయిన ఆట. (ఫ్లాపైన సినిమాని మళ్లీ మొదట్నుంచీ తీసే ధైర్యం మన వాళ్లలో ఎవరికైనా వుందా చెప్పండి!) అదే ఏడాది డిసెంబరులో అందులో ఇళ్లు వచ్చాయి. ఇక్కడ చూసేవాడు బల్ల కిందికి దూరి చూడొచ్చు, చూరు పట్టుకుని చూడొచ్చు. పియానో వెనక పెట్టెలు పేరిస్తే పరువు పోతుంది.

పైగా లెక్క! చాలా ఏళ్లపాటు పాటించిన లెక్క ప్రకారం చిన్న ఇంటికి లోపల 200 వస్తువులు, మధ్యరకానికి 300, పెద్ద భవంతికి 400. అపార్ట్‌మెంట్ గదికైతే 100. పూలకుండీ ఒకటే, ఏనుగంత మంచమూ ఒకటే. భోజనాల బల్లమీద నలుగురికి కంచాలూ గ్లాసులూ పెట్టేసరికి ఎనిమిది ఖర్చు! వస్తువుని పెద్దది చెయ్యడానికీ, చిన్నది చెయ్యడానికీ వీల్లేదు. ఇదివరకు ఒక ప్రొడ్యూసర్ గారు "బడ్జెట్ ఇంతే, సెట్టు అదిరిపోవాలి" అనేవారట. ఈ ఆట ఆయన చుట్టమే అయివుంటుంది.

ఆ ఇరుకులోంచే కిటుకులన్నీ పుట్టాయి. బాగా పనికొచ్చేవి కొన్ని చెబుతాను.

అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది మీ ఇంటి గుమ్మంలో మీరే నిలబడటం. అతిథి లోపలికి వచ్చి నిలబడేది అక్కడే. అక్కణ్నుంచి ఏది కనబడితే అదే మీ ఇల్లు. కొత్తవాళ్లు హాలంతా నాలుగు గోడల పొడవునా సామాన్లు సర్దేస్తారు, మధ్యలో ఖాళీ. అది ఇల్లులా వుండదు, సామాన్ల కొట్టులా వుంటుంది! తెలిసినవాళ్లు గుమ్మం దగ్గరే రెండు అడ్డుగోడలు వేసి సన్నటి నడవా చేస్తారు. అతిథి ఆ నడవాలోంచి వచ్చి మలుపు తిరగ్గానే హాలు కనబడుతుంది. ఇరుకులోంచి వచ్చాడు గనుక చిన్న హాలు కూడా పెద్దగా అనిపిస్తుంది. కెమెరా తిరిగినా సరే, మనిషి నడిచే దారి మన చేతిలోనే వుంది. కంటిని కట్టెయ్యలేకపోతే కాళ్లను కట్టెయ్యాలి. ఈ ఒక్క ముక్క తెలిసినవాడు 100 వస్తువులతో చేసింది, తెలియనివాడు 400తో చెయ్యలేడు.

ఆ అడ్డుగోడల గురించి ఇంకో మాట. ఆటలో తెల్లటి సాదా పలక ఒకటి వుంది, అడ్డుగోడకి వాడేది. అంగట్లో చూస్తే ఎవరూ దానివంక కన్నెత్తి చూడరు. అలంకరణ చేసేవాళ్లకి మాత్రం అది ఉప్పు లాంటిది, అది లేని వంట లేదు. గోడ అదే, గది అదే, వంటింటి గట్టు అదే. దానికి తోడు చెక్క అటక. మన ఇళ్లల్లో అటకమీద ఆవకాయ జాడీలూ పాత ట్రంకు పెట్టెలూ పెడతాం. వీళ్లు అటక వేసి దానిమీద పడకగది పెడతారు! కింద వంటిల్లు, పైన మంచం. పునాదీ లేదు, మేస్త్రీ లేడు, రెండంతస్తులు. ఆటవాళ్లు కట్టిచ్చిన ఇంట్లో మెట్లు ఎక్కడుంటే అక్కడే. వాటిని తీసెయ్యలేం. అందుకని నచ్చకపోతే చుట్టూ పలకలు నిలబెట్టి మూసేస్తారు. ఇంట్లో మెట్లు వున్న సంగతి ఇంటి యజమానే మర్చిపోవాలి!

తర్వాతది దూర్చుడు విద్య. నిజం ప్రపంచంలో బీరువాని గోడలోకి తొయ్యాలంటే గోడ పగలగొట్టాలి. ఇక్కడ తోస్తే పోతుంది. పుస్తకాల అలమరని పలకలోకి తోసి, పుస్తకాల వీపులు మాత్రం బయటికి వుంచితే గోడలో అమర్చిన గ్రంథాలయం తయారు. చేపల తొట్టిని సగం దూర్చితే హోటళ్లలో గోడకి వున్నట్టే వుంటుంది. రెండు బల్లలు ఒకదాంట్లో ఒకటి కలిపేస్తే మూడో రకం బల్ల పుడుతుంది, అది ఏ అంగట్లోనూ దొరకదు. ఇక్కడ పొదుపు కిటుకు కూడా వుంది. విడివిడిగా పుస్తకాలూ బొమ్మలూ కొని పేర్చేకన్నా, పుస్తకాలతో సహా వచ్చే అలమర కొంటే లెక్కలో ఒకటే పడుతుంది. మిగిలిన లెక్కని మనిషి బతికిన గుర్తులకి వాడాలి. సగం తాగిన కప్పు, తెరిచిపెట్టిన పుస్తకం, కుర్చీ కాస్త పక్కకి జరిగి వుండటం. సెట్టుకీ ఇంటికీ తేడా అక్కడే తెలుస్తుంది. అన్ని కుర్చీలూ బల్లకి సమానంగా, సైనికుల్లా నిలబడి వున్నాయంటే ఆ ఇంట్లో ఎవరూ కాపురం చెయ్యట్లేదన్నమాట.

కిటికీల సంగతి మరీ తమాషా. ఈ ఆటలో ఇంటి లోపలి భాగం ఒక లోకం, బయటి వీధి మరో లోకం. లోపలికి అడుగుపెట్టాక బయట ఏమీ లేదు, శూన్యం. అందువల్ల అంగట్లో అమ్మేవన్నీ ఉత్తుత్తి కిటికీలే! వాటిని గోడకి తగిలించి, పక్కన పసుపు వెలుగుచ్చే దీపాన్ని పలక వెనక దాచి, ముందు ఒక మొక్క పెడితే సాయంకాలపు ఎండ పడుతున్నట్టే వుంటుంది. దీపం కనబడకూడదు, వెలుగే కనబడాలి. ఏ సినిమా ఫ్లోర్‌లోకి వెళ్లి కెమెరామన్ గారిని అడిగినా ఇదే చెబుతారు.

గాలిలో నిలబెట్టడం ఇంకా వుంది. కానీ ఇక్కడ అది సులువు కాదు. ఆటలోని లొసుగుని కనిపెట్టి, ఫలానా వస్తువు ముందు, ఫలానాది తర్వాత అని వరస తప్పకుండా చెయ్యాలి. మంత్రసాధన లాంటిది. ఒక అక్షరం తప్పితే దీపం నేలమీద! ఈ వరసలు ఒకరికొకరు నేర్పుకుంటూ, వీడియోలు తీసి పంచుకుంటూ బతికించుకున్నారు. కొందరు బయటి ప్రోగ్రాములు తెచ్చి, అంకెలు కొట్టి వస్తువుల్ని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టేస్తారు. అది ఆట నియమాలకి విరుద్ధం. 2022 మేలో సంస్థవాళ్లు ఇలాంటి బయటి సరుకు ఏదీ ఒప్పుకోమని మళ్లీ గట్టిగా చెప్పారు. దొరికితే ఖాతాకే మూడవచ్చు. కుర్రాళ్లూ, ఒక దీపం గాలిలో నిలవడం కోసం ఏళ్ల తరబడి ఆడిన ఆటంతా పణంగా పెట్టడం నా మటుకు నాకు బేరం కాదనిపిస్తుంది.

ఇంతా చేస్తే, అసలు ఇల్లు దొరకడమే పెద్ద గండం. స్థలాలు లెక్కకి మించి లేవు. ఒక వాడకి 60. ఒకప్పుడు ఖాళీ ఇల్లు కనబడితే, అది ఏ క్షణాన అమ్మకానికి తెరుచుకుంటుందో చెప్పేవారు కాదు. బోర్డు ముందు నిలబడి గంటల తరబడి బోర్డుని నొక్కుతూ కూర్చోవాలి. మొదటిరోజు మొదటి ఆటకి తెల్లవారుజామున గేటు దగ్గర నిలబడ్డ వాళ్లకి ఆ బాధ అర్థమవుతుంది! దీనికి విరుగుడుగా 2022 ఏప్రిల్‌లో లాటరీ పెట్టారు. అయిదు రోజులు పేర్లు ఇవ్వడం, నాలుగు రోజులు ఫలితాలు చూసుకోవడం. తీరా మొదటి లాటరీ తీస్తే చాలాచోట్ల గెలిచిన నంబరు "సున్నా" అని వచ్చింది! సున్నా నంబరు టిక్కెట్టు ఎవరి దగ్గరా లేదాయె. నెత్తీ నోరూ కొట్టుకున్నారు జనం. తర్వాతి నెలలో సరిచేశారు.

సరే, దొరికింది. కట్టారు. నడవా, అటక, ఎండ పడే కిటికీ అన్నీ అమిరాయి. ఇక మీ ఇల్లేనా? అక్కడే వుంది మెలిక. 45 రోజులపాటు యజమాని ఇంట్లో అడుగుపెట్టకపోతే ఆట ఆ ఇంటిని కూల్చేస్తుంది!

పరీక్షలొచ్చాయనుకోండి. అక్క పెళ్లి వచ్చిందనుకోండి. ఇంట్లో ఎవరో ఆసుపత్రిలో పడ్డారనుకోండి. నెల చందా కట్టడానికి చేతిలో డబ్బు లేదనుకోండి. నెలన్నర ఎంతలో గడుస్తుంది? తిరిగొచ్చేసరికి గడ్డి మొలిచిన ఖాళీ స్థలం, కొన్నాళ్లకి దాంట్లో మరొకరి ఇల్లు. సామాన్లు వెంటనే పారెయ్యరు. 35 రోజులు దాచి వుంచుతారు, వెళ్లి తెచ్చుకోవచ్చు. కానీ సామాన్లు తెచ్చుకుని ఏం చేస్తాం? 200 వస్తువుల్ని వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాంట్లోకి ఒకటి దూర్చిన ఆ అమరిక వుందే, అది ఏ గోదాములోనూ దాచరు. (అపార్ట్‌మెంట్లకి ఈ కూల్చివేత లేదు. 100 వస్తువులు చాలనుకునే మహానుభావులకి నిశ్చింత!)

సంస్థవాళ్లని మరీ కఠినాత్ములనకూడదు లెండి. స్థలాలు తక్కువ, కావాల్సినవాళ్లు ఎక్కువ, రానివాళ్ల ఇళ్లు ఖాళీ చేయించకపోతే కొత్తవాళ్లకి ఎప్పుడు దొరకాలి? పైగా నిజం ప్రపంచంలో ఆపద వస్తే కూల్చివేతలు ఆపుతారు. 2024 జనవరి 1న జపానులో నోటో ద్వీపకల్పంలో భూకంపం వచ్చినప్పుడు ఆపారు. 2025 జనవరిలో లాస్ ఏంజిలిస్‌ని కార్చిచ్చు చుట్టుముట్టినప్పుడు ఆ ప్రాంతపు సర్వర్లలో ఆపారు. అసలు ఇల్లు కాలిపోతున్నవాడికి ఆటలో ఇల్లు కూలకుండా చూశారు. చిన్న సాయమే కావచ్చు. ఆ సాయం అందుకున్నవాడికి చిన్నదిగా అనిపించి వుండదు.

పాత "అల్టిమా" కథ దీనికన్నా ఘోరం. యజమాని రాకపోతే ఇంటి స్థితి మెట్టు మెట్టుగా దిగజారుతుంది. చివరికి బోర్డుమీద "కూలే ప్రమాదంలో వుంది" అని పడుతుంది. అది చదివినవాళ్లు వూరికే పోరు, చుట్టూ మూగుతారు. ఇల్లు కూలగానే సామాన్లన్నీ నేలమీద, ఎవరికి దొరికింది వాళ్లది! గద్దల్లా కాచుక్కూర్చుని గంటలు లెక్కపెట్టేవాళ్లు. పియానో కట్టినాయన చదరంగం పలకలు కూడా అలా ఎవరి సంచీలోకో చేరివుంటాయి.

ఇంకో వైపు కొత్త బ్యానరు ఒకటి రంగంలోకి దిగింది. 2004లో మొదలైన "వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్"లో 21 ఏళ్లపాటు సొంతంగా అలంకరించుకునే ఇల్లే లేదు. 2025 డిసెంబరు 2న, "మిడ్‌నైట్" అనే కొత్త భాగాన్ని ముందుగా కొన్నవాళ్లకి ఇంటి తాళాలు ఇచ్చారు. అంతకుముందే ఫిబ్రవరిలో బ్లిజార్డ్ వాళ్లు ఒక ప్రకటన చేశారు. లాటరీలుండవు, కళ్లు తిరిగే ధరలుండవు, చందా ఆపేసినా ఇల్లు జప్తు చెయ్యం అని. ఎవరిని ఉద్దేశించి అన్నారో పేరు చెప్పలేదు. చెప్పాలా!

ఆ ఆటలో గాలిలో నిలబెట్టడానికి మంత్రాలక్కర్లేదు. మీట నొక్కితే చాలు, వస్తువు ఏ వైపుకైనా తిరుగుతుంది, గాలిలో నిలుస్తుంది, ఇంకో వస్తువులోకి దూరుతుంది. 2017లో "ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్" ఇళ్లలో కూడా ఈ స్వేచ్ఛ చాలావరకు వుంది. (అక్కడ నెలనెలా చందా కట్టేవాళ్లకి వస్తువుల లెక్క రెట్టింపు. డబ్బున్నవాడికి పెద్ద సెట్టు, ఎక్కడైనా అంతే!) పాత కాపులు కొందరు మూతి విరుస్తున్నారు. మీట నొక్కితే వచ్చేదాంట్లో గొప్పేముందని. నేనొప్పుకోను. మంత్రం వరస బట్టీ పట్టినవాడు గొప్ప అలంకర్తేమీ కాడు. దీపం గాలిలో ఎలా నిలిచిందన్న ఆశ్చర్యం పోతే పోనీండి. ఆ దీపం అక్కడే ఎందుకుంది అనే ప్రశ్న మిగులుతుంది కదా. దానికి జవాబు మీటలో లేదు, నడవాలో వుంది.

నన్ను భయపెట్టేది మీట కాదు, తెరపడటం. "వైల్డ్‌స్టార్" అని ఒక ఆట 2014 జూన్‌లో వచ్చింది. వస్తువుల్ని పెంచడం, తగ్గించడం, తిప్పడం అన్నీ ఇళ్ల విషయంలో ఆ రోజుల్లోనే ఇచ్చేసింది. అలంకరణ చేసేవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. కానీ వసూళ్లు లేవు. 2018 నవంబరు 28న సర్వర్లు ఆపేశారు. అక్కడ 45 రోజులు లేవు, 35 రోజులు లేవు. ఒక్క రాత్రిలో వీధులకి వీధులే పోయాయి. సినిమా సెట్టు పగలగొట్టినా సినిమా మిగులుతుంది, ద్వారకని ఇవాళ కూడా మనం చూస్తున్నాం. అక్కడ మిగిలినవి ఎవరో తీసి దాచుకున్న ఫోటోలూ, వీడియోలే.

అందుకని ఇల్లు కట్టుకునే పాఠకులకి ఒక పని చెబుతాను. అలంకరణ పూర్తయిన రోజునే, పూర్తయిందని మీకే అనుమానం వున్నా సరే, ఫోటోలు తీసిపెట్టుకోండి. "ఫైనల్ ఫాంటసీ 14"లో "గ్రూప్ పోజ్" అని వుంది, కెమెరాని, వెలుగుని మీకు కావాల్సినట్టు మార్చుకోవచ్చు. మొదటి ఫోటో గుమ్మంలోంచి తియ్యండి. రెండోది నడవా మలుపులోంచి. మూడోది మీ కుర్చీ దగ్గర్నుంచి. ప్రతి గోడకీ ఎదురుగా నిలబడి ఒక్కొక్కటి, పైనుంచి ఒకటి. రేపు మళ్లీ కట్టాల్సివస్తే ఏది ఎందులో దూరిందో తెలియాలి కదా. మీ పాత్రని కూడా ఒక మూల నిలబెట్టండి, ఇంటి కొలత తెలుస్తుంది. అయితే సోఫామీద మాత్రం కూర్చోబెట్టకండి. చాలామంది ఇళ్లలో ఆ సోఫా మూడు బల్లలూ ఒక పలకా కలిపి చేసింది. కూర్చుంటే మోకాళ్లు లోపలికి పోతాయి!